ఈ డాలర్ మీది విగ్రహం పారిస్‌లో కనిపించదు

[తెర మీద: వెండి నాణెం, బొరుసు వైపు, బాగా దగ్గరగా]

గుర్రం మీద ఒక సైనికుడు, అడుగున "పారిస్ 1900". చూశారా? పారిస్ అంతా తిరిగినా సరిగ్గా ఈ రూపంలో ఉన్న విగ్రహం మీకు దొరకదు. ఎందుకో చెబుతాను.

ఆ రౌతు లాఫయెట్. ఫ్రాన్స్‌లో గొప్పింటి బిడ్డ. 1777లో, 19 ఏళ్ల వయసులో సముద్రం దాటి వచ్చి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో దిగాడు. జార్జ్ వాషింగ్టన్ ఆయన్ని కొడుకులా చూసుకున్నాడు.

1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన. ఆ సందర్భంగా అక్కడ లాఫయెట్ విగ్రహం పెట్టించాలనుకున్నారు అమెరికన్లు. బడి పిల్లలు తలా కాస్త చిల్లర వేసి చందాలు పోగుచేశారు. నాణెం అంచు వెంబడి "అమెరికా యువత నిలిపిన విగ్రహం" అనే అర్థం వచ్చే మాటలున్నది అందుకే. నాకు ఈ నాణెం మీద అన్నిటికంటే ఇష్టమైనది ఆ వాక్యమే.

చందాలకు తోడుగా 1899 మార్చిలో అమెరికా కాంగ్రెస్ 50,000 వెండి డాలర్లు మంజూరు చేసింది. అమెరికా మొదటి స్మారక డాలర్ ఇదే. విగ్రహం కమిటీ ఒక్కోటి 2 డాలర్లకు అమ్మింది.

[తెర మీద: బొమ్మ వైపు, పక్కపక్కన రెండు ముఖాలు]

బొమ్మ వైపు ముందు వాషింగ్టన్, వెనక లాఫయెట్. చెక్కినది టంకశాల ప్రధాన శిల్పి చార్లెస్ బార్బర్. అమెరికా నాణెం మీద ఒక అధ్యక్షుడి ముఖం రావడం అదే మొదలు. లింకన్ సెంటు వచ్చింది ఆ తర్వాత 1909లో.

ఇక తేదీ సంగతి. ఫిలడెల్ఫియా టంకశాల ఈ నాణేలను 1899 డిసెంబర్ 14న, ఒక్కరోజులోనే అచ్చు వేసింది. వాషింగ్టన్ పోయి ఆ రోజుకు సరిగ్గా వందేళ్లు. మరి నాణెం మీద 1900 ఎందుకుంది? అది విగ్రహం ఆవిష్కరించే ఏడాది. అచ్చు వేసిన ఏడాది ఏ వైపూ లేదు!

అమ్ముడైనవి సుమారు 36,000. మిగిలినవి ఖజానాలో మూలనపడి, 1945లో కరిగిపోయాయి.

[తెర మీద: మళ్లీ బొరుసు, పీఠం మీద "బార్ట్‌లెట్" అనే పేరు]

బార్ట్‌లెట్ ఆ విగ్రహ శిల్పి. ఆయన మొదట్లో చేసిన నమూనా చూసి బార్బర్ ఈ వైపు చెక్కాడు. 1900 జులై 4న పారిస్‌లో ఆవిష్కరించింది కంచు విగ్రహాన్ని కాదు, ప్లాస్టర్‌తో చేసినదాన్ని. బార్ట్‌లెట్‌కు తృప్తి కలగలేదు. మార్చి మార్చి చేశాడు. నాణెం మీది రూపం ఆ మార్పుల్లో పోయింది. కంచు విగ్రహం పూర్తయ్యేసరికి 1908.

[తెర మీద: సెయిన్ నది ఒడ్డున కంచు విగ్రహం, గుర్రం కాళ్ల దగ్గరకు కెమెరా]

తన ఆలస్యానికి గుర్తుగా, గుర్రం కాళ్ల దగ్గర బార్ట్‌లెట్ ఒక చిన్న తాబేలును పెట్టాడు. నాణెం మీద ఆ తాబేలు లేదు.