చీలమండ లిగమెంటు ఎముకను ఎక్కడ పట్టుకుంటుంది? స్కాన్‌లో కొలిచే తీరు

[దృశ్యం: పాదం లోపలికి మడతపడుతున్న త్రీడీ బొమ్మ]

వ్యాఖ్యానం: పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికినప్పుడు సాధారణంగా ముందు దెబ్బతినేది, మోకాలి కింద బయటివైపు ఉండే సన్నని ఫిబులా ఎముక నుంచి, మడమ ఎముక పైన ఉండే టాలస్ ఎముకకు ముందువైపుగా సాగే లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ). దాని కిందనే మొదలై మడమ ఎముక దాకా ఏటవాలుగా వెనక్కి దిగేది రెండోది. ఇది ఫిబులా చివరి మొన నుంచే బయలుదేరుతుందని చాలామంది అనుకుంటారు కానీ, నిజానికి దాని మొదలు మొనకు కాస్త ముందుగా ఉంటుంది.

[దృశ్యం: ఫిబులా కింది భాగం, రంగు వేసిన రెండు అతుకు ప్రదేశాలు]

లిగమెంటు ఎముకకు ఒక బిందువు దగ్గర కాక, కొంత వైశాల్యమున్న ప్రదేశంలో అతుక్కుంటుంది. తెగిన లిగమెంటు స్థానంలో కొత్త టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి కణజాలాన్ని) అమర్చేటప్పుడు శస్త్రవైద్యులు ఎముకలో రంధ్రం చేయవలసింది ఈ ప్రదేశంలోనే. అది కొన్ని మిల్లీమీటర్లు తప్పినా, పాదం ఒక భంగిమలో ఉన్నప్పుడు ఆ అమరిక బిగుసుకుపోయి, మరో భంగిమలో వదులుగా మిగిలిపోవచ్చు.

[దృశ్యం: పక్కపక్కన సీటీ, ఎంఆర్ఐ చిత్రాలు]

సీటీలో ఎముక అంచు స్పష్టంగా కనిపిస్తుంది, లిగమెంటు మాత్రం అంతగా కనిపించదు. ఎంఆర్ఐలో లిగమెంటు కనిపిస్తుంది. అయితే అదీ నల్లగానే, ఎముక పైపొరా నల్లగానే ఉండటం వల్ల అవి కలిసే చోట సరిహద్దు గీయడమే అసలైన కష్టం. అందుకే ఎంఆర్ఐలో గుర్తించిన లిగమెంటును, సీటీ నుంచి తయారుచేసిన త్రీడీ ఎముక నమూనా మీద అమర్చి కొలిచే పద్ధతి ఉంది.

స్కాన్ శరీరాన్ని ముక్కలు ముక్కలుగా చిత్రిస్తుంది కనుక, ఆ ముక్కల మందం సంగతి కూడా చూడాలి. 3 మిల్లీమీటర్ల మందంతో తీస్తే, సెంటీమీటరు వెడల్పున్న అతుకు మూడు నాలుగు చిత్రాల్లోనే దొరుకుతుంది. అన్ని దిశల్లోనూ సమాన పరిమాణం గల సన్నని త్రీడీ చిత్రాలు తీస్తే, లిగమెంటు వాలు వెంబడే కోసి చూసుకోవచ్చు. మరో చిక్కు: లిగమెంటు నారలు అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల కోణంలో ఉంటే, కొన్ని రకాల ఎంఆర్ఐ చిత్రాల్లో గాయం లేకపోయినా తెల్లగా కనిపిస్తాయి.

[దృశ్యం: ఫిబులా మొన నుంచి అతుకు నడిమధ్యకు గీత]

కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టామన్నది కొలత ఎంత అన్నదానికన్నా ముఖ్యం. ఫిబులా వైపు దాని మొన, మడమ వైపు టాలస్‌కూ మడమ ఎముకకూ మధ్యనున్న కీలు ఆధారంగా నిలుస్తాయి. వంపు తిరిగిన ఎముక మీద నేరుగా గీసిన దూరం, ఉపరితలం వెంబడి కొలిచిన దూరం ఒకటి కావు కనుక, ఏది కొలిచారో చెప్పితీరాలి. ఎముకల పరిమాణం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి, మిల్లీమీటర్లతో పాటు ఎముక పొడవులో శాతంగా చెబితే పోల్చడం తేలిక.

ఇద్దరు పరిశీలకులు విడివిడిగా కొలిచినప్పుడు తేడా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న చోటు, ఫిబులా మీద రెండు లిగమెంట్లూ ఆనుకుని మొదలయ్యే సరిహద్దు. అక్కడ ఊహతో గీత గీసేకన్నా, రెండింటినీ కలిపి ఒకే ప్రదేశంగా కొలిచి, ఆ మాట నివేదికలో రాయడం మేలు.