కుమియాయ్‌ల మాట, మిషన్ పెట్టిన పేరు

సభాధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం.

నేడు నేను చెప్పబోయే కుమియాయ్ ఆదివాసులను మానవశాస్త్ర గ్రంథాలు చాలాకాలం ‘దియెగేన్యో’లు అని రాశాయి. ఆ పేరు వారు పెట్టుకున్నది కాదు. 1769లో హునీపెరో సెర్రా అనే స్పానిష్ మతగురువు కాలిఫోర్నియా తీరాన శాన్ దియెగో మిషన్ అనే క్రైస్తవ మతప్రచార కేంద్రాన్ని నెలకొల్పాక, దాని అజమాయిషీ కిందికి తెచ్చిన పల్లెల వారందరికీ మిషన్ పేరునే తగిలించారు. వారు దానిని ఊరికే తలదాల్చలేదు. ఆరేళ్లు తిరిగేసరికి, 1775 నవంబరులో, వందలాది మంది ఏకమై మిషన్‌ను తగలబెట్టారు. ఉత్తరాది వారు తమను ఈపాయ్ అనీ, దక్షిణాది వారు టీపాయ్ అనీ చెప్పుకుంటారు. రెండింటికీ అర్థం ‘మనుషులు’ అనే. అందరికీ కలిపి ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు కుమియాయ్. 1848 ఒప్పందంతో అమెరికా, మెక్సికోల సరిహద్దు వారి నేల మీదుగానే సాగి, ఒకే వంశపు చుట్టాలను చెరొక దేశస్థులను చేసింది.

వారి నేలలోని కొండల్లో రాతిపరుపులోనే తొలిచిన రోళ్లు నేటికీ కనిపిస్తాయి. ఓక్ గింజలను దంచి, పిండి మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి వగరు పోగొట్టి, మన సంకటిలా ఉడికించేవారు. దాని పేరు షవీ.

ఇక భాష. ఇది యూమన్ కుటుంబానికి చెందినది. కొకోపా, మొహావీ, క్వెచాన్ భాషలు దీని చుట్టాలు. 1970లో మెసా గ్రాండే అనే చోటి మాండలికానికి వ్యాకరణం వెలువరించిన భాషావేత్త మార్గరెట్ లాంగ్డన్, దియెగేన్యో అనే ఒక్క పేరు కింద నిజానికి మూడు భాషలైనా ఉన్నాయని తరువాత తేల్చారు. పేరు ఒకటే కనుక భాషా ఒకటే అనుకోవడం మిషన్ మనకు అంటించిన అలవాటే అని నా అభిప్రాయం.

వాక్యంలో క్రియ మనకు లాగే చివర వస్తుంది. ‘ఆమె వచ్చి కూర్చుంది’ అన్నప్పుడు రెండు పనులకూ కర్త ఒకరే. కూర్చున్నది మరొకరైతే ‘వచ్చి’ కుదరదు, ‘ఆమె రాగా అతడు కూర్చున్నాడు’ అనాలి. ఈ భాషలోనూ అటువంటి జాగ్రత్తే ఉంది. మొదటి క్రియ చివర ‘మ్’ చేరిందంటే తరువాతి పని చేసేది వేరొకరు. ఆ వేరొకరి పేరు చెవిన పడకముందే వినేవారికి సంగతి తెలిసిపోతుంది. ఇంత మాత్రాన రెండు భాషలకూ చుట్టరికం కలపనక్కరలేదు.

మెసా గ్రాండే మాటలకు 1973లో నిఘంటువు కూర్చిన టెడ్ కూరో, క్రిస్టినా హచిసన్ ఆ భాషలో పుట్టి పెరిగినవారే. వారు తమ భాషను పిలుచుకున్న పేరు ‘ఈపాయ్ ఆ’, అంటే మనుషుల మాట.