చిన్న మగదాన్ని వదిలేయండి, ఆడజింకను కొట్టండి

అందరికీ నమస్కారం. టాపిక్ పేరు చూసి ఎవరూ రారేమో అనుకున్నాను, హాలు మాత్రం బాగానే నిండింది. తర్వాత భోజనాలున్నాయన్న సంగతి అందరికీ తెలిసినట్టుంది. మెనూలో జింక మాంసం లేదు లెండి, కంగారు పడకండి.

ముందు ఒక ప్రశ్న తేల్చేద్దాం, ఎందుకంటే మన వాళ్లలో ఎవరి దగ్గర జింకల వేట మాట ఎత్తినా అదే అడుగుతారు. "జింకల్ని చంపేవాడు జింకల బాగు గురించి మాట్లాడటమేంటండీ?" మనం పెరిగిన చోట ఆ ప్రశ్న న్యాయమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇండియాలో వేట నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక, వాటి జోలికి వెళ్తే కేసు, జైలు. నల్లమలలో చుక్కల జింకను తినడానికి పులి ఉంది, చిరుత ఉంది, రేసుకుక్కలున్నాయి, మధ్యలో మనం తుపాకీ పట్టుకుని వెళ్లాల్సిన పని లేదు. మనం ఇప్పుడుంటున్న అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలా కాదు. ఇక్కడ తోడేళ్లూ, కూగర్లనే కొండ సింహాలూ ఎప్పుడో వందేళ్ల కిందటే పోయాయి. ఎలుగుబంట్లు, కయోటీలనే నక్కలాంటి చిన్న తోడేళ్లు జింక పిల్లల్ని పట్టుకుంటాయి గానీ ఎదిగిన జింకల జోలికి పెద్దగా పోవు. ఇక వాటి సంఖ్యను తగ్గించేవి రెండే, కారు బంపర్లు, వేటగాళ్లు. దేశం మొత్తం మీద ఏటా పది లక్షలకు పైగా జింకలు వాహనాల కింద పడుతున్నాయని ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క, మీలో కనీసం ఒకరిద్దరు ఆ లెక్కలో ఉండే ఉంటారు.

సరే, కథలోకి వద్దాం. 1900 నాటికి అమెరికాలో ఈ జింకలు, అంటే తెల్లతోక జింకలు, దాదాపు అయిపోయాయి. దేశమంతా కలిపి అయిదు లక్షలు కూడా ఉండవని అంచనా. కారణం మాంసం వ్యాపారం. జింకను కొట్టి బండిలో వేసుకుని పట్నంలో అమ్ముకునేవాళ్లు, అడిగేవాడు లేడు. దానికితోడు అడవులన్నీ నరికేశారు. 1900లో లేసీ చట్టం వచ్చింది, దొంగతనంగా వేటాడిన జంతువును ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపి అమ్మడం నేరమైంది. పెన్సిల్వేనియా ఇంకో అడుగు ముందుకేసి, 1907లో ఆడజింకను కొట్టకూడదని చట్టం చేసింది, బయటి రాష్ట్రాల నుంచి జింకల్ని తెచ్చి అడవుల్లో వదిలింది. ఆ చట్టం అద్భుతంగా పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, అదే తర్వాత పెద్ద తలనొప్పి అయింది.

ఎందుకో చెప్తాను. నరికేసిన అడవి మళ్లీ చిగురుస్తోంది, తినడానికి లేత ఆకు దండిగా ఉంది, పట్టి తినే జంతువు లేదు, ఆడదాన్ని ఎవరూ కొట్టరు. ఆరోగ్యంగా ఉన్న ఆడజింక ఏటా సాధారణంగా రెండు పిల్లల్ని ఈనుతుంది. కొన్నేళ్లలోనే జింకలు అడవికి మించిపోయాయి, చలికాలంలో తిండి లేక గుంపులుగా చచ్చిపోవడం మొదలైంది. వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర గేమ్ కమిషన్ వాళ్లు 1920ల్లోనే ఇది గమనించి ఆడజింకల వేటకు అనుమతిద్దామని చూశారు. వేటగాళ్లు ఒప్పుకోలేదు. తాత నేర్పాడు, నాన్న నేర్పాడు, "ఆడదాన్ని కొట్టకు" అని. ఒకప్పుడు జాతిని బతికించిన కట్టుబాటు మరి, దాన్ని అంత తేలిగ్గా ఎలా వదులుకుంటారు?

ఇక మగజింకల సంగతి. వేట సీజన్ మొదటి రోజు తుపాకీ పట్టుకుని అడవిలోకి వెళ్లిన లక్షల మందికి కావాల్సింది ఒక్కటే, తల మీద కొమ్ములు. ఎంత చిన్నవైనా సరే. 2002కు ముందు ఈ రాష్ట్రంలో కొట్టిన ప్రతి పది మగజింకల్లో ఎనిమిది దాకా ఏడాదిన్నర వయసువే, అంటే మొట్టమొదటిసారి కొమ్ములు మొలిచినవి. మగజింకకు కొమ్ములు ఏటా చలికాలంలో రాలిపోయి, వసంతంలో మళ్లీ మొలుస్తాయి (మన చుక్కల జింకకూ, కణుజుకూ కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి, కృష్ణజింక కొమ్ములు మాత్రం రాలవు). ఏడాది గడిచేకొద్దీ కొమ్ము పెరుగుతుంది, అయిదారేళ్ల వయసుకు గానీ పూర్తి సైజుకు రాదు. పిందెలన్నీ కోసేసుకుని, మా తోటలో మామిడి పండ్లు కాయవేమిటని ఏడిస్తే ఎలా ఉంటుందో, వీళ్ల గోల అలాగే ఉండేది. "మా అడవిలో జాతి మంచిది కాదు, టెక్సస్‌లో అయితేనా..." అని.

టెక్సస్‌లో జాతి వేరేమీ కాదు. అక్కడ దాదాపు భూమి అంతా ప్రైవేటు వాళ్ల చేతుల్లో ఉంటుంది, దక్షిణాన వేల ఎకరాల రాంచ్‌లు. ఆల్ బ్రదర్స్, మర్ఫీ రే అని ఇద్దరు బయాలజిస్టులు 1975లో ఒక పుస్తకం రాశారు. వాళ్లు చెప్పింది వినడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. చిన్న మగవాటిని వదిలేయండి, ఆడవాటిని తగినన్ని కొట్టండి, జింకలెన్ని ఉండాలో మేత చూసి నిర్ణయించుకోండి. 1988లో సౌత్ కరోలినాలో జో హామిల్టన్ అనే బయాలజిస్టు ఇదే ఆలోచనతో, 'క్వాలిటీ డీర్ మేనేజ్‌మెంట్' అన్న పేరుతో ఒక సంఘం పెట్టాడు. అదే ఇప్పుడు నేషనల్ డీర్ అసోసియేషన్‌లో కలిసిపోయింది.

అయితే వేల ఎకరాలున్నవాడు వదిలేసిన జింక మళ్లీ వాడి భూమిలోనే పెరుగుతుంది. పెన్సిల్వేనియాలో ఇరవై ఎకరాలున్నవాడి సంగతేంటి? ఏడాదిన్నర వయసులో మగజింకల్లో సగానికి పైగా పుట్టిన చోటు వదిలేసి మైళ్ల కొద్దీ దూరం వెళ్లిపోతాయి. మీరు పెద్ద మనసుతో వదిలిపెట్టిన జింక కంచె దాటగానే పక్కవాడి ఫ్రీజర్‌లో ఉంటుంది. "నేను వదిలేస్తే పక్కవాడు కొడతాడు" అన్నది వేటగాళ్లందరి నోటా వినిపించే మాట. అది సాకు కాదు, నిజం. ఒక్కడు పట్టే నిగ్రహం వల్ల అడవిలో ఏమీ మారదు, అందరూ పడితేనే మారుతుంది. అందుకే కొన్నిచోట్ల ఇరుగుపొరుగు వాళ్లు కూర్చుని ఒప్పందాలు చేసుకున్నారు. జార్జియా రాష్ట్రంలో డూలీ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు 1993లో కౌంటీ మొత్తానికీ రూల్ పెట్టించుకున్నారు, కొమ్ముల వెడల్పు పదిహేను అంగుళాలు లేకపోతే కొట్టకూడదని.

పెన్సిల్వేనియాలో ఆ పని భుజాన వేసుకున్నవాడు గ్యారీ ఆల్ట్. అంతకుముందు ఎలుగుబంట్ల మీద పనిచేసి రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్న బయాలజిస్టు. 1999లో జింకల బాధ్యత ఇచ్చారు. ఊరూరా తిరిగి, హైస్కూలు హాళ్లలో, ఫైర్‌హౌస్‌లలో వేటగాళ్ల ఎదుట నిలబడి రెండు ముక్కలు చెప్పాడు. చిన్న మగదాన్ని వదిలేయండి, ఆడదాన్ని కొట్టండి. మొదటిదానికి చప్పట్లు, రెండోదానికి తిట్లు. బెదిరింపులు ఎంతవరకు వెళ్లాయంటే కొన్ని సభలకు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని వెళ్లాల్సి వచ్చింది. 2002లో కొత్త రూల్ వచ్చింది, రాష్ట్రంలో ఎక్కువ భాగంలో ఒక వైపు కొమ్ముకు కనీసం మూడు మొనలుండాలి, పడమటి జిల్లాల్లో నాలుగు. ఆడజింకల లైసెన్సులూ పెంచారు. ఆ సీజన్‌లో అయిదు లక్షలకు పైగా జింకల్ని కొట్టారు, వాటిలో ఎక్కువ ఆడవే. మరుసటి ఏళ్లలో "అడవిలో జింకే కనపడట్లేదు" అని గగ్గోలు. 2004 చివర్లో ఆల్ట్ ఉద్యోగం వదిలేశాడు. రూల్ మాత్రం నిలిచింది. ఇప్పుడు ఇక్కడ కొట్టే మగజింకల్లో మూడింట రెండు వంతులు రెండున్నరేళ్లు దాటినవే.

నన్నడిగితే వేటగాడి అసలు నిగ్రహం చిన్న మగదాన్ని వదిలేయడంలో లేదు. అది కష్టమే, కాదనను, కానీ దానికి ఆశ తోడుంటుంది, రెండేళ్లాగితే పెద్ద కొమ్ములు దొరుకుతాయి, గోడకు తగిలించుకోవచ్చు. ఆడజింకను కొడితే గోడకు ఏమీ రాదు. ఫొటో పెడితే లైకులూ రావు. కొమ్ములకు ఆశపడి చెట్టు మీద కూర్చున్నవాడు, ముందొచ్చిన ఆడజింకను కొడితే ఆ చప్పుడుకు పెద్ద మగది రాదని ఊరుకుంటాడు, సాయంత్రం దాకా అలాగే ఊరుకుంటాడు, సీజన్ అయిపోతుంది. అడవికి కావాల్సింది మాత్రం ఆ పనే. అటవీ శాఖ వాళ్లు 1979లో మొదలుపెట్టి పదేళ్లపాటు ఈ రాష్ట్రపు వాయవ్య మూలలో ఒక ప్రయోగం చేశారు, అడవిలో కంచెలు వేసి, చదరపు మైలుకు 10, 20, 38, 64 చొప్పున జింకల్ని ఉంచి చూశారు. ఇరవై దాటేసరికి చాలా రకాల చెట్ల మొలకలు బతకడం తగ్గింది, పొదల్లో గూళ్లు పెట్టే పిట్టలు తగ్గాయి. జింక తినని ఫెర్న్ అనే ఆకు మొక్క మాత్రం తివాచీలా పరుచుకుంది. ఇక్కడి పోకనోస్ కొండల్లో హైకింగ్‌కు వెళ్లి "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అని సెల్ఫీలు తీసుకుంటామే, ఆ పచ్చదనంలో చాలాచోట్ల కనిపించేది ఆ ఫెర్నే, కింద ఒక్క ఓక్ మొలక కూడా ఉండదు.

క్వాలిటీ అంటే కొమ్ములే అనుకున్నవాళ్లకు మిసిసిపీలో మంచి పాఠం దొరికింది. అక్కడ 1995లో రాష్ట్రమంతటా రూల్ పెట్టారు, రెండు కొమ్ములకూ కలిపి నాలుగు మొనలుంటే కొట్టొచ్చని. ఏమైంది? ఏడాదిన్నరకే నాలుగు మొనలొచ్చినవి, అంటే ఆ వయసు వాటిలో బలమైనవి, చట్టబద్ధంగా చచ్చిపోయాయి. బక్కచిక్కి రెండు మొనలతో ఉన్నవి హాయిగా పెద్దవయ్యాయి. తర్వాత మొనల లెక్క తీసేసి, కొమ్ముల వెడల్పు, పొడవు కొలతలు పెట్టుకున్నారు. చట్టం కొమ్ముల్నే కొలవగలదు, వయసును చూడలేదు. వయసు చూడాల్సింది చెట్టు మీద కూర్చున్నవాడే.

అది ఎలా చూస్తారో ఒకసారి చెప్తాను, ఇందులో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. చచ్చిన జింక అయితే సులువు, దవడ తెరిచి, కింది నమిలే పళ్లలో ముందు నుంచి మూడోదాన్ని చూడాలి. దానికి మూడు భాగాలుంటే అది పాలపన్ను, అంటే జింకకు ఏడాదిన్నర లోపే. ఆ వయసులోనే అది ఊడి, రెండు భాగాల కొత్త పన్ను తెల్లగా వస్తుంది. వెనక పళ్లన్నీ గోధుమరంగు మరకలతో ఉంటే ఇది మెరుస్తుంటుంది. బతికున్నదానితోనే తంటా. పొద్దున్నే వెలుతురు చాలదు, చేతికి గ్లవుజు, గుండె దడదడ, అది పది సెకన్లు నిలబడితే గొప్ప. కొమ్ముల వంక చూడకండి, ఒంటి వంక చూడండి. మెడ సన్నగా, కాళ్లు మరీ పొడుగ్గా, ఆడజింకకు కొమ్ములు అతికించినట్టు ఉంటే అది కుర్రది. మెడ లావెక్కి భుజంలో కలిసిపోయి, పొట్ట జారి, కాళ్లు పొట్టిగా కనిపిస్తుంటే అది నాలుగైదేళ్లది. ఆడదనుకుని కొట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఒంటరిగా, బెరుకు లేకుండా మేతకు ముందొచ్చిన చిన్న "ఆడజింక" చాలాసార్లు ఆరు నెలల మగ జింకపిల్ల అయ్యుంటుంది. ఒళ్లు పెట్టెలా చదరంగా, మూతి పొట్టిగా ఉంటే వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయండి. పక్కన ఇంకో జింక వచ్చి నిలబడేదాకా ఆగితే సైజు తేడా తెలిసిపోతుంది.

ఇంతవరకు చెప్పినదానికి ఇప్పుడొక చిక్కు వచ్చి పడింది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, అందరూ సీడబ్ల్యూడీ అంటారు. 1967లో కొలరాడోలో బందీగా ఉంచిన జింకల్లో మొదట కనిపించింది, పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. ప్రియాన్ అనే వంకర ప్రొటీన్ వల్ల వచ్చే జబ్బు, మందు లేదు, టీకా లేదు, వచ్చిన జింక చావాల్సిందే, మట్టిలో కూడా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇది ఎదిగిన మగజింకల్లో ఎక్కువ. మగజింకల్ని ముసలివయ్యేదాకా వదిలేయమని ఇన్నేళ్లూ చెప్పాం, ఇప్పుడు ఆ ముసలివే జబ్బును మోసుకు తిరుగుతున్నాయి. మిస్సోరీ వాళ్లు జబ్బున్న కౌంటీల్లో కొమ్ముల రూల్ ఎత్తేశారు. నాకు అది సరైన పనే అనిపిస్తుంది, మా క్లబ్బులో చాలామందికి మింగుడు పడదు. జబ్బు లేని చోట పాత పద్ధతి ఉంచుకోవచ్చు, ఉన్నచోట కుర్రదైనా ముసలిదైనా ఎదురొచ్చినదాన్ని కొట్టి, తలను గేమ్ కమిషన్ పెట్టిన డబ్బాలో వేసి, టెస్ట్ రిపోర్టు వచ్చాకే కూర వండుకోవాలి. మనుషులకు ఈ జబ్బు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు, అయినా పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది.

ప్రశ్నలు తీసుకునే ముందు, చీటీ మీద రాసి పంపిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. "పెరట్లోకి వచ్చే జింకలకు చలికాలంలో మొక్కజొన్నలు వేయొచ్చా అండీ, పాపం ఆకలితో ఉంటాయి" అని ఒక ఆంటీ అడిగారు. వేయకండి ఆంటీ. జబ్బు జోన్‌లో అయితే అది చట్టవిరుద్ధం, మీ ఇల్లు జోన్‌లో ఉందో లేదో గేమ్ కమిషన్ మ్యాపులో చూసుకోవచ్చు. జోన్ బయట ఉన్నా వద్దు, ఇరవై జింకలు ఒకే గిన్నెలో మూతి పెడితే ఒకదాని ఎంగిలి అన్నింటికీ అంటుతుంది, పైగా చలికాలంలో పుల్లలు, మొగ్గలు అరిగించుకునే పొట్టకు ఒక్కసారిగా మొక్కజొన్న పడితే దాంతోనే చచ్చిపోయే జింకలున్నాయి. పెరట్లో టమాటా మొక్కల్ని జింకలు తినేయకూడదంటే ఎనిమిది అడుగుల ఫెన్స్ కట్టించుకోండి, ఆరడుగులది సునాయాసంగా దూకేస్తుంది.