నొప్పి మాత్ర అడిగితే ఇచ్చేయొచ్చా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(పాల్గొన్నవారు: కిడ్నీ వైద్యురాలు, మందుల షాపుల సంఘం నాయకుడు, ఫిజియోథెరపిస్ట్. ఫోన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం నుంచి ఒక కౌలు రైతు.)

మోడరేటర్: నమస్కారం. 100 మిల్లీగ్రాములు మించిన నిమెసులైడ్ అనే నొప్పి మాత్రలను 2025 డిసెంబరు చివర్లో కేంద్రం నిషేధించింది. పన్నెండేళ్లలోపు పిల్లలకు 2011లోనే ఆపేశారు. ఇన్నేళ్లూ పెద్దలకు ఎందుకు అమ్మారు? ఉద్దానంలో కిడ్నీలు పోతున్నది ఈ మాత్రల వల్లేనా? అందరికీ సమానంగా సమయం ఇస్తాను. డాక్టరు గారూ, మీరు మొదలుపెట్టండి.

వైద్యురాలు: నిషేధం నోటి ద్వారా వేసుకునే, వెంటనే కరిగే రకానికి. కాలేయానికి ముప్పు ఉందని ఆ నిర్ణయం తీసుకున్నారు. అయితే నిమెసులైడ్ ఒక్కటే కాదు, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా...

షాపుల నాయకుడు: ఒక్క నిమిషం మేడం. నా కౌంటర్‌లో అమ్ముడయ్యే నిమెసులైడంతా 100దే. దాన్ని ఆపలేదు కదా! మరి ఈ హడావిడి ఎవరి కోసం? ప్రమాదమైతే మొత్తం ఆపండి, కాకపోతే మమ్మల్ని వదిలేయండి.

మోడరేటర్: మీరు చీటీ లేకుండా అమ్ముతున్నారా, లేదా?

షాపుల నాయకుడు: రాత్రి పదింటికి నడుం పట్టేసి మనిషి వంగిపోయి వస్తాడండీ. చీటీ తెమ్మంటానా? ఊళ్లో డాక్టరు ఉన్నాడా? పీహెచ్‌సీ మూసేసి ఉంటుంది. అప్పుడు మేమే దిక్కు. అసలు ఏది చీటీ లేకుండా అమ్మొచ్చో చెప్పే ఓటీసీ జాబితా మన చట్టంలో ఉందా?

వైద్యురాలు: అలాంటి జాబితా లేదు, నిజమే. అది పెద్ద లోపం. కానీ డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. చీటీ ఉండాల్సిందే. మీకు తెలుసు.

షాపుల నాయకుడు: తెలుసు. అందుకే గ్యాస్ మాత్ర కలిపి ఇస్తాం! పొట్టకు ఏమీ కాదు.

వైద్యురాలు: పొట్టకు కొంత రక్షణే. కిడ్నీకి దాంతో రక్షణ ఏమీ లేదు. అక్కడే జనం మోసపోతున్నారు. చూడండి, కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచేవి ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ వాటి మీదే ఆధారపడుతుంది. నొప్పి మాత్ర సరిగ్గా వాటినే ఆపుతుంది. దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్, కాళ్ల వాపుకి నీరు పోయే మాత్ర వాడుతుంటే...

మోడరేటర్: అంటే ఉద్దానంలో జరిగింది ఇదే!

వైద్యురాలు: నేను అలా అనలేదు. ఉద్దానంలో అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, ఎండ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానాలున్నాయి. ఒక్కదాని మీదకు నెట్టేయడం తప్పు.

మోడరేటర్: కవిటి నుంచి రైతు లైన్‌లో ఉన్నారు. బాబాయ్, మీ ఊళ్లో నొప్పి మాత్రలు వాడతారా?

రైతు: వాడకేటి సేస్తాం బాబూ. కొబ్బరి సెట్లు ఎక్కి దిగితే రాత్రికి ఒళ్లంతా సలుపు. ఆరెంపీ ఒక సూది ఏస్తాడు, రెండు మాత్రలిస్తాడు. పొద్దున్న మళ్లీ పనికెళ్లాల కదా. మా అన్నకి డయాలసిస్ సేస్తన్నారు. మాత్ర వల్లో, నీళ్ల వల్లో మాకు ఎవలూ సెప్పలేదు.

(లైన్ తెగింది.)

మోడరేటర్: విన్నారుగా! మాత్ర వల్లే అంటున్నారు.

ఫిజియోథెరపిస్ట్: సార్, ఆయన ‘మాత్ర వల్లో, నీళ్ల వల్లో’ అన్నారు.

మోడరేటర్: సరే. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ ఆపింది రాబందులు చచ్చిపోతున్నాయనే కదా? వాటికీ కిడ్నీలే పాడయ్యాయి!

వైద్యురాలు: అవును, మందు వేసిన పశువు కళేబరం తిని. కానీ పక్షి ఒళ్లు వేరు, మనిషి ఒళ్లు వేరు...

షాపుల నాయకుడు: చూశారా! రాబందుల మీదున్న జాలి షాపువాడి మీద లేదు. అద్దె, ఫార్మసిస్టు జీతం, లైసెన్సు అన్నీ మేమే కట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాణ్ణి ఎవరు అడుగుతున్నారు?

ఫిజియోథెరపిస్ట్: నాకు ఇంతవరకు అవకాశమే రాలేదు సార్. మోకాళ్ల నొప్పికి తొడ కండరం బలపడాలి. మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలితో దాన్ని ఐదు సెకన్లు కిందికి నొక్కి వదలాలి. పదిసార్లు. మామూలు నడుం నొప్పికి ముందు వేడి కాపడం, మర్దన, వ్యాయామం చూడమని 2017లో అమెరికా వైద్యుల సంఘం ఏసీపీ కూడా చెప్పింది. మనకు వావిలాకు కాపడం, ఉప్పు మూట ఎప్పటి నుంచో ఉన్నవే. దెబ్బ తగిలి అప్పుడే వాచితే మాత్రం ఐస్ పెట్టాలి. షుగర్‌తో కాళ్లు తిమ్మిరెక్కిన వాళ్లు కాపడం జోలికి వెళ్లొద్దు, కాలినా తెలియదు...

షాపుల నాయకుడు: తమ్ముడూ, కూలికి వెళ్లే ఆవిడ రోజూ మూడు పూటలా వ్యాయామం చేస్తుందా? ఫిజియో దగ్గరికి ఒకసారి వెళ్లే డబ్బుతో ఎన్ని షీట్లు వస్తాయో లెక్క వేశావా? పేదవాడికి చవకైన వైద్యం మాత్రే.

ఫిజియోథెరపిస్ట్: టవల్ ఇంట్లోనే ఉంటుంది కదా సార్...

వైద్యురాలు: డయాలసిస్ ఎంత చవకో కూడా చెప్పండి! ఇంకొకటి. మందు లేని వైద్యం పేరుతో ‘నాటు పొడి’ అని అమ్మేవాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటోంది. మూడు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. ఇక పారాసిటమాల్. జ్వరానికి 650 వేసుకుంటూ, జలుబు మాత్రలో కూడా అదే ఉందని తెలియక వేస్తారు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు హద్దు. మద్యం తాగే అలవాటున్న వాళ్లకు ఇంకా తక్కువ...

షాపుల నాయకుడు: చూశారా, పారాసిటమాల్ కూడా వద్దంటున్నారు!

వైద్యురాలు: వద్దనలేదండీ! లెక్క చూసుకోమంటున్నాను.

మోడరేటర్: సమయం అయిపోతోంది. డాక్టరు గారూ, ఒక్క మాటలో. ఉద్దానానికి కారణం నొప్పి మాత్రలేనా? అవునా, కాదా?

వైద్యురాలు: ఒక్క మాటలో చెప్పే విషయం కాదిది. ఎవరు అస్సలు వేసుకోకూడదో అదైనా చెప్పనివ్వండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఏడో నెల నుంచి గర్భిణులు...

షాపుల నాయకుడు: అవన్నీ మేం అడిగే ఇస్తున్నాం మేడం!

వైద్యురాలు: అడుగుతున్నారా? కౌంటర్‌లో ‘మీకు కిడ్నీ జబ్బు ఉందా’ అని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

షాపుల నాయకుడు: మా సంఘం తరఫున చెబుతున్నాను, ముందు ప్రతి ఊళ్లో డాక్టర్ని పెట్టండి. తర్వాత మా దగ్గరికి రండి. అంతవరకు అమ్ముతాం. అమ్మక తప్పదు!

మోడరేటర్: ఆ ఆవేదనతో ఇక్కడ ఆపుదాం. విరామం తర్వాత వార్తలు.

ఫిజియోథెరపిస్ట్: సార్, ఆ వ్యాయామం స్క్రీన్ మీద వేస్తామన్నారు...

(సంగీతం)