డ్రాగున్‌స్కీని ద్రోహి అనే ముందు ఇది వినండి

ఫ్రెండ్స్, పోయిన వీడియోలో సోవియట్ సైన్యంలోని యూదు ట్యాంక్ కమాండర్ డేవిడ్ డ్రాగున్‌స్కీ పేరు ఎత్తగానే కామెంట్లలో కొట్టేసుకున్నారు, సగం మంది హీరో అంటారు, సగం మంది సర్కారు పెట్టిన యాంటీ జియోనిస్ట్ కమిటీకి ఛైర్మనై సొంత యూదుల్నే ముంచిన ద్రోహి అంటారు. నా మాట ఒక్కటే. సోవియట్ ప్రభుత్వానికి కావాల్సింది ఈయన మాటలు కాదు, ఛాతీ మీదున్న ఆ రెండు గోల్డ్ స్టార్లు, అంటే రెండుసార్లు వచ్చిన 'సోవియట్ యూనియన్ హీరో' పతకాలు!

ఆ స్టార్లు ఊరికే రాలేదండీ. 55వ గార్డ్స్ ట్యాంక్ బ్రిగేడ్ కమాండర్, 1944లో విస్తులా నది దాటినందుకు ఒకటి, 1945లో బెర్లిన్‌లో కొట్లాడి అట్నుంచటే ప్రాగ్ దాకా ట్యాంకులు పరిగెత్తించినందుకు రెండోది. మరి ఇంటి దగ్గర? స్వ్యాత్స్క్ అనే చిన్న ఊళ్లో అమ్మానాన్నల్ని, అక్కచెల్లెళ్లని నాజీలు చంపేశారు, యూదులైనందుకు! ఇల్లే లేకుండా పోయిన మనిషికి ఇక సైన్యమే ఇల్లు, అందుకే కమ్యూనిస్ట్ పార్టీ ఏది చెప్తే అది చేశాడని నేను గట్టిగా నమ్ముతా.

ఇప్పుడు 1983కి రండి. యాంటీ జియోనిస్ట్ కమిటీ, అంటే యూదులకి సొంత దేశం ఇజ్రాయెల్ ఉండాలనే జియోనిజానికి వ్యతిరేకంగా పెట్టింది. పేరుకి ప్రజల కమిటీ, వెనకాల మొత్తం పార్టీ, గూఢచారి సంస్థ కేజీబీ. ఛైర్మన్ ఎవరు? అప్పటికి కల్నల్ జనరల్, సోల్నెచ్నోగోర్స్క్‌లో ఆఫీసర్లకి ట్రైనింగిచ్చే విస్త్రెల్ కోర్సుల హెడ్ అయిన మన డ్రాగున్‌స్కీ. వాళ్ల వేలితో వాళ్ల కన్నే పొడిపించడం అంటే ఇదే. ఎందుకంటే ఇంకెవరైనా యూదుడు ఆ కుర్చీలో కూర్చుంటే భయపడ్డాడనో అమ్ముడుపోయాడనో అనేవాళ్లు, బెర్లిన్‌లోకి ట్యాంకుల్తో వెళ్లినోణ్ణి పిరికోడని ఎవడంటాడు చెప్పండి?

ఆ కమిటీ ప్రెస్ మీట్ పెట్టి ఏమంది, సోవియట్ యూనియన్ వదిలి వెళ్లాలనుకున్న యూదులు దాదాపు అందరూ వెళ్లిపోయారంది! 1979లో 51 వేల మంది దాకా దేశం దాటారు, 1984కొచ్చేసరికి వెయ్యి మంది కూడా లేరు, ఎందుకు లేరు, వెళ్లాలని లేక కాదు, దేశం వదలడానికి ప్రభుత్వం వీసా ఇవ్వక! అప్లికేషన్ పెడితే ఉద్యోగం పీకేసేవాళ్లు. గేట్లు తెరిచాక 1990 ఒక్క ఏడాదిలోనే ఒక్క ఇజ్రాయెల్‌కే లక్షా 80 వేల మందికి పైగా వెళ్లారు. ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు మరి?

అబద్ధం అబద్ధమే, దానికి ఆయన మొహం అడ్డం పెట్టాడు, ఆ తప్పు నేను మాఫీ చెయ్యను. కానీ కుటుంబాన్ని పోగొట్టుకున్న సైనికుణ్ణి ఏరికోరి ఆ కుర్చీలో కూర్చోబెట్టినోళ్లని వదిలేసి ఈయనొక్కణ్ణే తిడతారా? ద్రోహి అని రాసినవాళ్లు దీనికి జవాబివ్వండి, ఒక్కో కామెంట్ చదువుతా.