మార్కు వేయకుండా దిద్దడం

సభాధ్యక్షులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

బ్రిటన్ బడుల్లో కొత్త బోధన పద్ధతులు అనగానే మనలో చాలామందికి సమ్మర్‌హిల్ గుర్తుకొస్తుంది. ఎ.ఎస్. నీల్ 1921లో స్థాపించిన ఆ బడిలో పాఠానికి హాజరు కావడం పిల్లల ఇష్టం. బడి నియమాల మీద జరిగే సభలో పెద్దలకూ పిల్లలకూ తలా ఒకే ఓటు. దాని మీద నాకు గౌరవం ఉంది. అయితే ఫీజు కట్టి చదివే ఆ చిన్న ఆవాస పాఠశాలను వేలాది ప్రభుత్వ బడులకు నమూనాగా నిలపడం కష్టం. ఆ పని ఇంగ్లండు కూడా చేయలేదు. అందుకని ఈ రోజు అంతటి ఆకర్షణ లేనిదైనా ఏ మామూలు బడిలోనైనా సాధ్యమయ్యే మరో ప్రయోగం గురించి మాట్లాడతాను. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌ల విద్యావ్యవస్థలు వేరు కనుక నా మాటలు ఇంగ్లండుకే పరిమితం.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు పాల్ బ్లాక్, డిలన్ విలియం అప్పటివరకు మూల్యాంకనంపై వచ్చిన పరిశోధనలను సమీక్షించి 1998లో తమ నిర్ధారణలను ప్రకటించారు. చదువు ముగిశాక ఎంత వచ్చిందో కొలవడం ఒక పని, చదువు సాగుతుండగానే పిల్లలకు ఏది అర్థం కాలేదో గమనించి మర్నాటి పాఠాన్ని మార్చుకోవడం మరో పని అనీ, ఫలితం ఎక్కువగా ఉన్న ఈ రెండో పనే తరగతి గదుల్లో అరుదుగా జరుగుతున్నదనీ వారు చూపించారు. ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్‌షైర్, మెడ్వే ప్రాంతాల్లోని ఆరు సెకండరీ బడులకు వెళ్లి, మొదట 24 మంది గణిత, సైన్స్ ఉపాధ్యాయులతో కలిసి పనిచేశారు. ఇలాగే చేయండని వారికి సూత్రాల పట్టిక ఇవ్వలేదు. ఎవరి తరగతికి తగిన ప్రణాళిక వారినే రాసుకోమన్నారు.

మార్పు ప్రశ్న అడగడం దగ్గర మొదలైంది. టీచరు ప్రశ్న వేసి సగటున ఒక సెకను పాటే ఆగుతారని అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో అంతకుముందే గమనించారు. ఒక్క సెకనులో జ్ఞాపకమున్న మాట చెప్పవచ్చు గానీ ఆలోచించి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ఉపాధ్యాయులు ఆగడం నేర్చుకున్నారు. చేతులెత్తే ముందు బెంచీ పిల్లలనే అడిగే అలవాటును పక్కనపెట్టి ఎవరినైనా అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడి చాలా బడుల్లో ఐస్‌పుల్లల మీద పిల్లల పేర్లు రాసి, చేతికొచ్చిన పుల్ల తీసి ఆ పేరు గలవారిని అడుగుతారు, లేదా అందరూ చిన్న తెల్లబోర్డుల మీద జవాబు రాసి ఒకేసారి పైకెత్తి చూపిస్తారు. మన పలకను అటక మీద పెట్టేసిన మనకు ఇది కొంచెం నవ్వు తెప్పించాలి.

అసలు చిక్కు దిద్దడం దగ్గర వచ్చింది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో చేసిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారే మెరుగయ్యారు. రెండూ అందుకున్నవారికి ఆ లాభం దక్కలేదు. మార్కు కనబడగానే పిల్లవాడు పక్కవాడి పుస్తకంలోకి చూస్తాడు తప్ప వ్యాఖ్య చదవడని తరగతికి వెళ్లే మనకు ఏ పరిశోధనా చెప్పనక్కర్లేదు. అందుకే ఆ ఆరు బడుల ఉపాధ్యాయులు కొందరు పుస్తకాల్లో మార్కు మానేసి, ఏది బాగుంది, ఏది సరిచేయాలి, ఎలా సరిచేయాలి అన్నది రాసి, ఆ సవరణకు తరగతిలోనే సమయం ఇచ్చారు.

ఈ మూల్యాంకన పద్ధతిని అక్కడి ప్రభుత్వం అందిపుచ్చుకున్నాక జరిగింది కూడా మనకు పాఠమే. 2008లో 15 కోట్ల పౌండ్లతో దేశవ్యాప్త కార్యక్రమం ప్రకటించారు. క్రమంగా అది పిల్లల స్థాయిలను పట్టికల్లోకి ఎక్కించే లెక్కల పనిగా మారిపోయింది. మన బడుల్లోని ఎఫ్.ఏ.ల (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల) కథ వింటున్నట్టు లేదూ? 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరితే, మనం దాన్ని మార్కుల రిజిస్టరుగా, మరో చిన్న పరీక్షగా మార్చుకున్నాం. ఈ లోపం మన ఒక్కరిదే కాదని తెలియడం కొంత ఊరట, అంతే.

ఇంగ్లండు పద్ధతులంటే పరాయివని సంకోచించేవారికి ఒక మాట. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చదువు చెప్పే విధానాన్ని ఆండ్రూ బెల్ మద్రాసులో అమలుచేసి ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో పంపిన నివేదికలో, అక్కడి వీధిబడుల్లోని ఈ విధానాన్ని మెచ్చుకుంటూ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనని రాశాడు. రాకపోకలు పాతవే.

చదువు సాగుతుండగానే గమనించి పాఠాన్ని మార్చుకునే పద్ధతిపై ఇంగ్లండులో 140 సెకండరీ బడుల్లో రెండేళ్లు జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. పిల్లలు అదనంగా సాధించిన ప్రగతి సుమారు రెండు నెలల చదువుకు సమానమని తేలింది. అద్భుతం కాదు, కానీ ఖర్చు చాలా తక్కువ. అక్కడ ఉపాధ్యాయులు నెలకోసారి 75 నిమిషాలు కూర్చుని, గత నెల తామేం ప్రయత్నించారో, ఏది కుదరలేదో చెప్పుకుని, వచ్చే నెల ఏం చేస్తారో తోటివారి ముందే నిర్ణయించుకునేవారు. మనకు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటిలో సర్క్యులర్లు చదవడానికి పోయే సమయంలో ఒక గంటంబావు ఈ పనికి కేటాయించమనీ, ఒక్క ఏడాది పాటు ఒక తరగతిలో ఒక సబ్జెక్టు నోటు పుస్తకాలను మార్కు లేకుండా దిద్దేందుకు అనుమతించమనీ అధికారులను కోరుదామని నా ప్రతిపాదన.