సీలు విప్పని పెట్టె గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శి గారికి, వెనక భోజనాల దగ్గర నిలబడి ఈ మాటలేవీ వినబడని వలంటీర్లకి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, ఆ పెద్దల్లో ఉన్న మా నాన్నగారికి కూడా. కరపత్రంలో నా అంశం "ప్రవాసంలో బాల్యం, మన పండగలు" అని వేశారు. పండగల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, నా తర్వాత మాట్లాడబోయే మేడమ్ ఎలాగూ దాని గురించే చెబుతారు. నేను బేస్‌బాల్ కార్డుల గురించి, అంటే ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని అంకెలు ఉండే అట్టముక్కల గురించి మాట్లాడతాను. కార్యదర్శి గారూ, అలా చూడకండి, మీరిచ్చిన అంశంలో బాల్యం కూడా ఉంది కదా, ఆ సగం నాది.

మేం తెనాలి నుంచి ఒహాయోలోని ఈ డేటన్‌కి వచ్చింది 1983లో. నాకు ఎనిమిదేళ్లు. నాన్నగారికి హాస్పిటల్ డ్యూటీ, అమ్మకి చలి, నాకు ఇంగ్లీషు, ఎవరి కష్టం వాళ్లది. స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడలేదని చెప్పను. మాట్లాడేవాళ్లు, నాకే అర్థమయ్యేది కాదు. అర్థమైన మొదటి సంభాషణ మాత్రం బాగా గుర్తుంది. ఇద్దరు కుర్రాళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకడు చేతిలో కార్డుల దొంతర పట్టుకుని ఒక్కోటీ వేస్తుంటే రెండోవాడు "గాటిట్, గాటిట్, గాటిట్, నీడిట్" అంటున్నాడు. అంటే ఉంది, ఉంది, ఉంది, కావాలి. అంతే. ఈ రెండు ముక్కలు వస్తే చాలు, ఆ ఆటలో కూర్చోవచ్చు. నేనూ కూర్చున్నాను.

ఇక్కడున్న పిల్లలకి ఆ ప్యాకెట్ ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే మీరు చూసేవన్నీ మెరిసే ఫాయిల్ కవర్లే. మాది మైనం కాగితం. వెనక మడతపెట్టి వేడితో అంటించి ఉండేది, గోటితో లాగితే చిన్న చప్పుడుతో ఊడొచ్చేది. లోపల టాప్స్ కంపెనీ 1987లో వేసినవి అయితే 17 కార్డులు, ఖరీదు 40 సెంట్లు, పైన ఒక గులాబీరంగు గమ్ ముక్క, దాని మీద తెల్లటి పొడి. ఆ గమ్ నోట్లో పెట్టుకుంటే ముందు పెళుసుగా విరిగేది, తర్వాత కాసేపు తీపి, ఆ తర్వాత నమిలినంతసేపూ దవడ నొప్పి తప్ప ఏమీ మిగిలేది కాదు. గమ్‌కి ఆనుకున్న కార్డుకి మరక, కాగితానికి ఆనుకున్న కార్డుకి మైనం. ఈ మైనం పోవాలంటే అమెరికన్ పిల్లలు వాళ్ల అమ్మల నైలాన్ మేజోళ్లతో రుద్దేవాళ్లు. మా ఇంట్లో మేజోళ్లెక్కడివి? అమ్మ పాత నైలాన్ చీర ఒకటి చింపి ఇచ్చింది. బ్రహ్మాండంగా పోయేది. మా వీధిలో కుర్రాళ్లు కార్డులు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు ఆ చీర ముక్క కోసం. ప్రవాసంలో మన సంస్కృతి గురించి చెప్పమన్నారు కదా, ఇదిగో, చెప్పేశాను.

కార్డు వెనక అంకెలుండేవి. నా లెక్కల టీచరు ఆ అంకెలే. బ్యాటింగ్ సగటు మూడు దశాంశ స్థానాల దాకా, .300 దాటితే గొప్పవాడు. బౌలర్, అదే పిచర్, వాడికి ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పోను ఇచ్చిన పరుగుల్ని 9తో గుణించి ఆడిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. నాన్నగారు మొదట్లో "ఈ అట్టముక్కలకి డబ్బులు తగలేస్తున్నావ్" అనేవారు, ఒకరోజు నేను నోటితో ఆ లెక్క వేస్తుంటే విని మరి మాట్లాడలేదు. మాట్లాడారా నాన్నగారూ? లేదు.

రాత్రిళ్లు రేడియోలో మా పక్క ఊరు సిన్సినాటి జట్టు, రెడ్స్ ఆట. మార్టీ బ్రెనమన్, జో నక్స్‌హాల్ ఇద్దరూ 700 డబ్ల్యూఎల్‌డబ్ల్యూలో చెబుతుంటే, ఆ మాట్లాడే తీరు వింటూ నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ నక్స్‌హాల్ 1944లో పదిహేనేళ్ల వయసులో రెడ్స్ తరఫున బంతి వేశాడు, యుద్ధకాలం కదా, ఆటగాళ్లు దొరక్క. పదిహేనేళ్లు! 1985 సెప్టెంబర్ 11న మా రెడ్స్ పీట్ రోజ్ 4,192వ హిట్ కొట్టి, అందరికంటే ఎక్కువ హిట్ల రికార్డులో టై కాబ్‌ని దాటిన రాత్రి నేను దుప్పట్లో రేడియో పెట్టుకుని ఉన్నాను, అతని కార్డు దిండు కింద ఉంది. నాలుగేళ్లకి జూదం కేసులో జీవితకాల నిషేధం పడింది. మర్నాడు స్కూల్లో నా రోజ్ కార్డు తీసుకునేవాడు లేడు. 2024లో ఆయన పోయాడు, 2025లో ఆ నిషేధం ఎత్తేశారు, పోయిన తర్వాత. రోజ్ గురించి మొదలెడితే ఇక్కడ భోజనాలు చల్లారిపోతాయి, వదిలేస్తున్నాను. అన్యాయమే అంటాను కానీ వదిలేస్తున్నాను.

అసలు ఎనభైల్లోనే ఇన్ని కార్డులు ఎందుకొచ్చాయంటే ఒక కోర్టు కేసు ఉంది. అప్పటిదాకా పాతికేళ్లపాటు దాదాపు టాప్స్ కంపెనీదే రాజ్యం. ఫ్లీర్ అనే కంపెనీ కోర్టుకెళ్లింది, 1980లో గెలిచింది, 1981లో ఫ్లీర్, డాన్రస్ రెండూ దిగాయి. పైకోర్టులో టాప్స్ తిరిగి గెలిచింది గానీ తీరా చూస్తే ఆ హక్కు గమ్‌తో కలిపి అమ్మే కార్డులకే అని తేలింది. సరే అని ఫ్లీర్ వాళ్లు గమ్ తీసేసి స్టిక్కర్లు పెట్టారు, డాన్రస్ వాళ్లు బొమ్మ పజిల్ ముక్కలు పెట్టారు, కొనసాగారు. లాయర్లు కష్టపడింది గమ్ ముక్క కోసం. ఆ గమ్ ఎలా ఉండేదో ఇందాకే చెప్పాను.

ఎనభైలు అంటే ఇదొక్కటే కాదు, శనివారం పొద్దున కార్టూన్లు, మైకేల్ జాక్సన్, నింటెండో, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో కేబుల్ లేదు కాబట్టి ఎంటీవీ పక్కింట్లో. మాకు చిరంజీవి సినిమా క్యాసెట్లు ఇండియా నుంచి ఎవరో ఒకరు తెచ్చేవాళ్లు, అవి ఇక్కడి వీసీఆర్‌లో ఆడవు, ఇండియా వీడియో పద్ధతి పాల్ నుంచి ఇక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మార్పించాలి, అలా మార్చి మార్చి మా దాకా వచ్చేసరికి చిరంజీవి ముఖం కూడా అనుమానంగానే కనబడేది. డాన్సు బట్టి పోల్చుకునేవాళ్లం.

సరే, అసలు విషయానికి వస్తాను. నాన్నగారూ, మీరు నవ్వకండి.

1952లో టాప్స్ వేసిన కార్డుల్లో చివరి విడత అమ్ముడుపోలేదు. గోడౌన్‌లో పడి ఉన్న పెట్టెల్ని 1960లో పడవ మీద తీసుకెళ్లి అట్లాంటిక్‌లో పారబోశామని ఆ కార్డులు తయారుచేసిన సై బెర్గర్ గారే తర్వాత చెప్పుకున్నారు. ఇళ్లలో మిగిలినవి పిల్లలు కాలేజీకి వెళ్లగానే అమ్మలు చెత్తలో వేశారు. అందుకే ఆ విడతలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. పారేశారు కాబట్టి విలువ. ఇది ఎనభైల్లో అందరికీ తెలిసిపోయింది. 1984లో జేమ్స్ బెకెట్ అనే లెక్కల ప్రొఫెసర్ ధరల పత్రిక మొదలుపెట్టాడు, నెలనెలా ఏ కార్డు ఎంతో బాణం గుర్తులతో వచ్చేది. పిల్లలం మేం కూడా "గాటిట్, నీడిట్" మానేసి ఆ పత్రిక ఒళ్లో పెట్టుకుని మార్చుకోవడం మొదలెట్టాం. పెద్దవాళ్లు దిగారు. ఎవరూ ఏదీ పారేయలేదు. కంపెనీలు అచ్చువేస్తూనే ఉన్నాయి.

ఇక మా ఇల్లు. 1987 అక్టోబర్ 19న ఇక్కడి షేర్ల సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 22 శాతానికి పైగా పడింది. నాన్నగారు కొన్న షేర్లు కూడా పడ్డాయి. అప్పటికే ఆ పత్రికా, పేపర్లో వచ్చే కథనాలూ చూస్తున్నారు. ఆ వారమే ఊళ్లో ఒక కార్డుల షాపుకి వెళ్లి 1987 టాప్స్ కేసు మొత్తం, ఇరవై బాక్సులు, సీలు విప్పకుండా కొనుక్కొచ్చారు. నాకు ఏమనిపించి ఉంటుందో ఆలోచించండి. పన్నెండేళ్ల పిల్లాడిని. వారానికి రెండు ప్యాకెట్లు కొనుక్కుని, 792 కార్డుల సెట్ కోసం సంవత్సరం నుంచి కొట్టుకుంటున్నవాడిని. చెక్క అంచున్న కార్డులు అవి, ఆ ఏటివి, అచ్చం మా పాత టీవీ పెట్టెలా చెక్క రంగు. ఒక్కో బాక్సులో 36 ప్యాకెట్లు, ఇరవై బాక్సులు, మొత్తం 12,240 కార్డులు మా ఇంట్లోకి వచ్చాయి.

"ఇది నీ కాలేజీ డబ్బురా, ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నారు.

బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల పక్కన బల్ల మీద పెట్టారు. పెద్ద వాన పడితే అర్ధరాత్రి టార్చి పట్టుకుని కిందికి వెళ్లి ముందు ఆ పెట్టె చూసి, తర్వాత నీళ్లు తోడే పంపు చూసేవారు. చుట్టాలొస్తే చూపించేవారు. "ఇదీ మావాడి చదువు" అని. నేను ఆ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడేవాడిని, టేపు అంచు ఒకచోట కొద్దిగా లేచి ఉండేది, దాన్ని బొటనవేలితో నొక్కి మళ్లీ అంటించేవాడిని, ఎందుకంటే లేచిందని చూస్తే నేనే విప్పానంటారు. నా సెట్‌లో బ్యారీ లార్కిన్ లేడు. మన సిన్సినాటి కుర్రాడు, రెడ్స్‌కే ఆడేవాడు, ఆ ఏడే అతని మొదటి టాప్స్ కార్డు. ఆ పెట్టెలో ఎంతమంది లార్కిన్‌లు ఉన్నారో! నా కాలేజీ డబ్బుకి కాపలా కాస్తూ నేను బయట వాడి కోసం మూడు మంచి కార్డులు ఇచ్చి ఒక మూల నలిగిన లార్కిన్‌ని తెచ్చుకున్నాను. నేను దీన్ని మర్చిపోలేదు, మర్చిపోను.

1993లో కాలేజీలో చేరాను. అప్పుడు అమ్మితే ఎంతో కొంత వచ్చేది. "ఇంకో రెండేళ్లు ఆగుదాం, పెరుగుతుంది" అన్నారు, ఫీజుకి అప్పు చేశారు. 1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మెకి దిగారు, ఆ ఏటి ఫైనల్స్, వరల్డ్ సిరీసే రద్దయింది, జనానికి ఆట మీద విరక్తి పుట్టింది, కార్డుల షాపులు మూతపడ్డాయి. 1998లో మార్క్ మెగ్వైర్ ఒకే సీజన్లో 70 హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టాడు. ఆ రాత్రే నాన్నగారి ఫోన్: "మన పెట్టెలో మెగ్వైర్ ఉన్నాడు, చూశావా?" 2001లో బ్యారీ బాండ్స్ 73 కొట్టాడు. మళ్లీ ఫోన్: "బాండ్స్ కూడా ఉన్నాడురా." తర్వాత స్టెరాయిడ్ల గొడవ బయటపడింది, 2010లో మెగ్వైర్ నోటితోనే ఒప్పుకున్నాడు. ఆ రోజు మాత్రం ఫోన్ రాలేదు.

ఇవాళ ఆ పెట్టె అమ్మితే ఈ దేశంలో కాలేజీ ఫీజు ఒక సెమిస్టరుది కూడా కట్టలేం. దాచినవాడు ఒక్కడైతే విలువ, దేశమంతా దాచింది. ఆ కాలపు కార్డులకి పోగేసేవాళ్లు పెట్టిన పేరు "జంక్ వ్యాక్స్", మైనం చెత్త. నాకు పేరుతో గొడవ లేదు. నా గొడవ ఏమిటంటే, చెత్త అని తెలిసిన తర్వాత కూడా ఎవరూ విప్పట్లేదు!

ఇప్పుడు ఇంకో రకం వచ్చింది. కార్డుని పంపిస్తే భూతద్దంతో చూసి, పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పలకలో బిగించి వెనక్కి పంపుతారు. ఇక ఆ కార్డు వెనక అంకెల మీద వేలు పెట్టి చదవలేరు. పోయినేడు నేనూ ఒక కార్డు అలా ఒక కంపెనీకి పంపాను, నెలలు గడిచాక మూలల్లో మార్కులు తగ్గాయని వచ్చింది. మూలలు నలగకపోతే అది నా కార్డు ఎలా అవుతుంది? టాప్స్ వాళ్లు కూడా తెలివైనవాళ్లు. మా వయసువాళ్ల జేబులు చూసి 2017లో, మళ్లీ 2022లో, ఆ 1987 చెక్క అంచులోనే ఇప్పటి ఆటగాళ్ల బొమ్మలు వేసి అమ్మారు. నేను కొన్నాను. తిట్టుకుంటూ కొన్నాను. అందులో గమ్ లేదు, తొంభైల మొదట్లోనే తీసేశారు.

ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రుల్ని ఒకటి అడుగుతాను. మీ పిల్లల పోకెమాన్ ప్యాకెట్లు ఎన్ని మీ బీరువాలో ఉన్నాయి, విప్పకుండా? చేతులెత్తండి. సిగ్గుపడకండి. ఆ వెనక నాలుగు, ఇటు రెండు, అదిగో డాక్టరు గారు కూడా. నాకు తెలుసు. మొన్న ఒకాయన నాతో అన్నారు, "మావాడు విప్పేస్తున్నాడండీ, చెప్పినా వినట్లేదు" అని. ఆ అబ్బాయి ఎవరో నాకు చూపించండి, వాడికి శాలువా కప్పుదాం.

మా పెదనాన్నగారబ్బాయి తెనాలిలో అగ్గిపెట్టెల మీది బొమ్మలు పోగేసేవాడు, నోట్‌బుక్కులో అన్నం మెతుకులతో అంటించి. వాటికి ధరల పత్రిక లేదు, ప్లాస్టిక్ పలక లేదు. నేను సెలవులకి వెళ్తే వాడు అవన్నీ నా ముందు పరిచి, ఇద్దరం పొద్దంతా చూసేవాళ్లం, నేను తీసుకెళ్లిన డారిల్ స్ట్రాబెరీ కార్డుకి వాడు ఒక పులిబొమ్మ ఇచ్చాడు. ఎవరు నష్టపోయారో ఇద్దరికీ తెలియదు.

చీటీ వచ్చింది, టైమ్ అయిపోయిందట. ఒక్క నిమిషం.

మూడు వారాల కింద నాన్నగారు ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశారు. పెట్టె కూడా వచ్చింది. ఏం చేద్దామని అడిగితే "నీ ఇష్టం, ఇంకో రెండేళ్లు ఆగితే..." అన్నారు. లేదు నాన్నగారూ. అదిగో, స్టేజీ పక్కన తెల్లగుడ్డ కప్పి ఉన్నది అదే. భోజనాల బల్ల అనుకున్నారా అందరూ? పిల్లలూ, రండి, తోసుకోకండి, 720 ప్యాకెట్లున్నాయి, ఇక్కడున్న అందరికీ సరిపోగా మిగులుతాయి. కత్తెర కార్యదర్శి గారి దగ్గరుంది. టేపు మాత్రం నాన్నగారే కొయ్యాలి, ఎవరైనా ఆయన్ని మెట్లెక్కించండి. గమ్ ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు, దాని వయసు మీ అమ్మానాన్నల వయసు. బాండ్స్, మెగ్వైర్ ఎవరికొచ్చినా ఉంచుకోండి. లార్కిన్ వచ్చినవాళ్లు నా దగ్గరికి రండి, నంబరు 648, ఎర్ర టోపీ. నా దగ్గరున్నదానికి మూల నలిగింది, బదులు ఏం కావాలో అడగండి.